రెండవ ఓటు

"ఏ ఊరి సర్పంచి పదవికమ్మా?" అని మా అత్తగారు చేతిలోని చాటను క్రింద బెట్టి యడిగిరి. 2025 సంవత్సరము మార్చి నెలలో ఒకనాటి యుదయమున మా ఆడుబిడ్డ అమెరికానుండి ఫోను చేసి, తాను ఎన్నికలలో నిలుచుచున్నానని చెప్పినప్పటి మాట యిది. మేము నవ్వితిమి. కాని నిజము చెప్పవలయునన్న, ఆ నిమిషమున మాకును అత్తగారికంటె హెచ్చుగా దెలిసినది లేదు.

సోదరీమణులారా! ఎన్నికల ముచ్చట మనకేల యని పుట త్రిప్పివేయకుడు. ఇందులో జెండాలు లేవు, మైకులు లేవు. ఒక యింటి పిల్ల పరదేశమున పదిమంది గుమ్మములు తొక్కి, నోరు విప్పి యొక మాట అడిగిన వృత్తాంతము మాత్రమే. దానివలన ఇచ్చట మాకేమి జరిగినదో అదియు చెప్పవలసి యున్నది గనుక, కొంచెము సిగ్గుతోనే కలము పట్టితిమి.

మేము కాపురమునకు వచ్చునప్పటికి ఆ పిల్ల ఆరవ తరగతి. జడలు మేమే వేసెడివారము. లెక్కలు మా వారు చెప్పెడివారు. మా తండ్రిగారు తెలుగు పండితులు. భారత భాగవతములు ఇంటి యరుగుమీదనే కూర్చుండబెట్టి మాకు చెప్పిరి గాని, బడి గడప మేమెక్కినది స్వల్పము. కావున ఆ పిల్ల రసాయనశాస్త్రమున డాక్టరేటు చదువుటకు సముద్రములు దాటి పోయినప్పుడు, మా చేతులలో పెరిగిన మొక్క మా కందనంత యెత్తునకు పోయినట్లు తోచినది. ఇప్పుడు దానికి ఇరువదియారేండ్లు. అచ్చట మూడవ యేడు నడుచుచుండెను.

అచ్చటి మాటల తీరు మొదట తెలియవలెను. మనవైపున గ్రాడ్యుయేటు అనగా బి.ఏ. గాని బి.యస్‌సి. గాని ముగించినవాడు. ఆ దేశమున గ్రాడ్యుయేటు విద్యార్థి అనగా ఆ పట్టము ముగించి పై పట్టమునకు చదువుచున్నవాడు. డాక్టరేటు చదువువారిలో పెక్కుమంది సగము శిష్యులు, సగము కొలువువారు. చిన్న తరగతులవారికి పాఠములు చెప్పుదురు, వారి పరీక్ష కాగితములు దిద్దుదురు, ఆచార్యుని ప్రయోగశాలలో రాత్రింబవళ్లు పనిచేయుదురు. అందుకు బదులుగా విశ్వవిద్యాలయము చదువు ఫీజు తీసివేసి, నెలకింత యని స్టైపెండు ఇచ్చును. విదేశమునుండి పోయినవారు పాఠములు జరుగు కాలమున వారమునకు 20 గంటలకు మించి పని చేయరాదు. ప్రత్యేకానుమతి లేనిదే వెలుపల వేరు పని చూచుకొనరాదు. వీసా నియమ మట్టిది.

ఇట్టివారందరకు ప్రతి విశ్వవిద్యాలయమునను సామాన్యముగా ఒక సంఘముండును. ఏటేట అధ్యక్షుని, ఉపాధ్యక్షుని, కోశాధికారిని ఓట్లచేత ఎన్నుకొందురు. విద్యార్థులవద్ద వసూలైన సొమ్ములో కొంత ఆ సంఘము చేతికి వచ్చును. దానిని చిన్న చిన్న సమాజములకు పంచుటయు, దూరపు విద్వత్సభలకు పోవువారికి దారిఖర్చులిచ్చుటయు దాని పని. అంతకంటె ముఖ్యమైనది, ఇంటి అద్దెలు, వైద్యపు ఇన్సూరెన్సు, స్టైపెండు మున్నగు సంగతులను నిర్ణయించు కమిటీలలో విద్యార్థుల పక్షమున కూర్చుండి మాటలాడుట. ఇది కార్మిక సంఘము వంటిది కాదు. జీతపు ఒడంబడిక వ్రాయించుకొను అధికారము దీనికి లేదు. అడుగవచ్చును, మరల అడుగవచ్చును, అంతియే. ఐనను అడుగుట వలన ప్రయోజనము లేకపోలేదు. 2017 నవంబరులో ఆ దేశపు దిగువసభవారు, తీసివేసిన ఫీజును సైతము విద్యార్థి ఆదాయముగా లెక్కించి పన్ను వేయుదమని బిల్లు ఆమోదించిరి. చేతికి రాని సొమ్మునకు పన్ను! దేశమంతట గ్రాడ్యుయేటు విద్యార్థులు తరగతులు విడిచి వెలికివచ్చి గోల చేసిరి. డిసెంబరులో చట్టమైనప్పుడు ఆ భాగము అందులో లేదు.

మా పిల్ల నిలిచినది ఉపాధ్యక్ష పదవికి. ఏమి కోరి నిలిచితివని యడిగితిమి. అప్పుడు చెప్పిన సంగతి విని మా నోట మాట రాలేదు.

ఆ విశ్వవిద్యాలయమున క్రొత్తవారు ఆగస్టు నడుమ చేరవలెను. మొదటి స్టైపెండు సెప్టెంబరు నెలాఖరున గాని రాదు. ఈ నడుమ ఇంటికి అడ్వాన్సు, అద్దె, గిన్నెలు, పరుపు, తిండి, అన్నిటికిని చేతి డబ్బే. మూడేండ్ల క్రిందట మేము పొలము కాగితములు బ్యాంకులో బెట్టి, టిక్కెట్టు కొని, మిగిలినది దాని చేతిలో బెట్టి పంపితిమి. చాలినదనుకొంటిమి. అది రెండు వారములలో అయిపోయినదట. తరువాత నెల దినములు మేము కట్టి యిచ్చిన ఆవకాయయు అన్నమును తిని, ఒక చైనా పిల్లవద్ద అప్పు దెచ్చి అద్దె కట్టినదట. ఆ దినములలో మేము ప్రతి ఆదివారము ఫోను చేసి "ఏమి తింటివి?" అని యడిగెడివారము. "అన్నియు తింటిని వదినా" అని చెప్పెడిది. మా అత్తగారి యెదుట ఈ సంగతి మేము నేటికిని చెప్పలేదు. ఈ పత్రిక వారు చదువుదురు గనుక ఇప్పుడు తెలియును. తెలియనిండు.

"మొదటి స్టైపెండు మొదటి నెలలోనే ఇండు." మా పిల్ల కోరిక యిదియొక్కటియే.

మా వారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. ఎన్నికలనగా వారికి ఇంటి పని వంటిది. పోలింగు అధికారిగా పోయినప్పుడెల్ల ముందునాటి రాత్రియే పులిహోర కలిపి యిచ్చుట మాకలవాటు. ఆ యేడు ఫిబ్రవరి 27వ తేదీన మా శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ఉపాధ్యాయ నియోజకవర్గమునుండి శాసనమండలికి ఎన్నిక జరిగినది. అందులో వారు ఓటు వేసి వచ్చిరి. ఆ ఓటు బొత్తాము నొక్కునది కాదు. అభ్యర్థుల పేర్ల యెదుట 1, 2, 3 అని వరుస అంకెలు వేయవలెను. లెక్కించునప్పుడు మొదటి అంకెల ఓట్లలో సగమునకు మించి ఎవరికిని రానియెడల, అందరికంటె తక్కువ వచ్చినవానిని తొలగించి, వాని కాగితములమీద 2 అని ఎవరికి వేసియున్నదో వారికి ఆ ఓట్లు చేర్తురు. అట్లు సగము దాటువరకు సాగును. ఆ ఎన్నికలోను మొదటి లెక్కతో తేలక రెండవ ఓట్లు లెక్కింపవలసివచ్చినది.

అమెరికాలోని ఆ సంఘపు ఎన్నికయు సరిగా ఇట్టిదే యని తెలియగానే మా వారు ఫోను అందుకొని చెల్లెలితో నన్నమాట మాకు బాగుగా జ్ఞాపకమున్నది. "అమ్మా, మొదటి ఓటు మనవారు వేయుదురు. రెండవ ఓటు పరాయివారు వేయవలెను. దానికై నీవేమి చేయుచున్నావు?"

ఆ పిల్ల మౌనము వహించినది. అప్పటికి పది దినములుగా అది తిరిగినది తెలుగువారి యిండ్లు, మిగిలిన భారతీయుల గదులు మాత్రమే. ఉగాది సంబరములలో మాటలాడినదట, చప్పట్లు కొట్టిరట.

అత్తగారు అప్పుడు బియ్యము ఏరుకొనుచు, తల యెత్తకయే, "పేరంటమునకు పిలుచునప్పుడు వీధిలో ఒక్క యిల్లు విడుతువా?" అనిరి.

ఎంత మాట! శ్రావణ శుక్రవారమునాడు కుంకుమభరిణె చేతబట్టి బయలుదేరినచో, మనకు పలుకని యింటికిని పోవలెను. తలుపు తట్టి, బొట్టు పెట్టి, "సాయంకాలము రండి" అని నోట చెప్పవలెను. కబురంపిన పేరంటము కాదు. వారు రాకపోవచ్చును. పిలువలేదను మాట రాకూడదు. ఈ విద్య మన ఆడువారికి పుట్టుకతో వచ్చినది, మనమే దానికి వేరు పేరున్నదని యెరుగము. మేము ఆ మాటలనే ఫోనులో విడమరచి చెప్పితిమి. "బొట్టు ఎక్కడ పెట్టను వదినా, ఇక్కడివారు పారిపోదురు" అని నవ్వినది. కాని మరునాటినుండి పోయినది.

చరిత్ర చదువువారి గదులకు, గణితమువారి గదులకు, సంగీతము నేర్చువారి వద్దకు, ఊరి చివరనున్న వ్యవసాయశాలకు గూడ పోయినదట. మొదటి తలుపు తట్టునప్పుడు నాలుక పిడచగట్టినదట. పోయినచోట తన మాట చెప్పుటకు ముందు వారి మాట అడిగెడిది. చరిత్రవారిలో అమెరికా పిల్లలకే వేసవి మూడు నెలలు స్టైపెండు లేక హోటళ్లలో బల్లలు తుడుచుచున్నారని అప్పుడే తెలిసినది. ఇరానునుండి వచ్చిన యొక విద్యార్థికి బ్యాంకు ఖాతా తెరచుటయే నెల పట్టినది. ఇవి దాని వీధిలోని యిండ్లే, కాని మూడేండ్లు అది ఎరుగదు.

మా మనసునకు అన్నిటికంటె పట్టినది కుటుంబముల వసతిగృహముల సంగతి. అచ్చట విద్యార్థుల భార్యలు ఉందురు. భర్త చదువు వీసాకు అనుబంధముగా పోయిన స్త్రీ ఆ దేశమున ఉద్యోగము చేయరాదు. ఆమె ఎంత చదివినదైనను సరే. మా పిల్ల ఒక సాయంకాలము తలుపు తట్టగా, పసిబిడ్డను చంకనెత్తుకొన్న యొక తల్లి వచ్చి, "మాకు ఓటు లేదమ్మా, మా ఆయన ల్యాబునుండి రాలేదు" అని తలుపు వేయబోయినదట. "ఓటు లేకున్నను చెప్పండి" అనినదట మా పిల్ల. ఆ తల్లి గంటసేపు చెప్పినది. తనకును బిడ్డకును వైద్యపు ఇన్సూరెన్సు కట్టుటకు భర్త స్టైపెండులో ఎంత భాగము పోవుచున్నదో కాగితముమీద వేసి చూపినది. ఆ కాగితమును మా పిల్ల తన కోరికలలో రెండవదిగా చేర్చుకొన్నది. ఓటు లేనివారి మాటకై ఓటు అడుగుట ఏమి తెలివి యని మా వారనిరి. మాకు మాత్రము ఆ మాట తరువాత ఆ పిల్ల ఓడినను సరే యనిపించినది.

ఇంతలో ఏప్రిల్ వచ్చినది. అమెరికాలో విదేశ విద్యార్థుల వీసాలు రద్దగుచున్నవని దినదినము వార్తలు. నిరసనలలో పాల్గొన్నవారును, ఎన్నడో చిన్న పోలీసు కేసు నమోదైనవారును అందులో ఉండిరి. కొందరికి కారణమే తెలియలేదు. మా యింట టీవీ మ్రోగుచున్నంతసేపు అత్తగారి ముఖమున నెత్తురు లేదు. ఒకనాటి మధ్యాహ్నము మమ్ము వంటింట నిలిపి, "అమ్మాయీ, పిల్లను వెనుకకు రమ్మనుము. పదవి లేకున్న ప్రాణము పోదు. చదువు మధ్యలో పంపివేసిన ఆ అప్పు ఎవరు తీర్తురు? నీ మాట వినును" అనిరి. ఇది పిచ్చి భయమని మేము తీసిపారవేయలేము. ఆ పొలము వారి పుట్టింటివారిచ్చినది.

ఆ రాత్రి ఫోను చేసితిమి. మేము నోరు తెరువకముందే అది గ్రహించినది.

"వదినా, నేను విచారించితిని. విదేశ విద్యార్థుల కార్యాలయమున అడిగితిని. సంఘపు ఎన్నికలో నిలుచుటకు వీసా నియమము అడ్డురాదనిరి. ఈ పదవికి జీతము లేదు గనుక 20 గంటల లెక్కలోనికి రాదనిరి. రేపేమగునో తామును చెప్పలేమనిరి. నాకును భయముగానే యున్నది. కాని మొదటి నెల స్టైపెండు అడుగుటకు గూడ భయపడినచో, ఇక దేనికి అడుగుదును?" కొంచెమాగి మరల, "నీవును అధ్యక్షురాలవే గదా వదినా. సభలో నిలుచున్నప్పుడు కాళ్లు వణకిన నీవేమి చేయుదువు?" అని యడిగినది.

ఎగతాళికి అడుగలేదు. తెలిసికొనుటకే యడిగినది.

ఇచ్చట మేము మా సంగతి చెప్పవలెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము సర్కారు బడులకు యాజమాన్య కమిటీలుండవలెను. అందు ముప్పాతిక వంతు పిల్లల తల్లిదండ్రులు, సగముమంది స్త్రీలు. 2024 ఆగస్టులో మా పిల్లవాడు చదువు బడికి కమిటీ ఎన్నిక జరిగినప్పుడు, "మాస్టారి భార్య, చదువుకొన్నది" అని అందరు చేతులెత్తి మమ్ము అధ్యక్షురాలిని చేసిరి. పోటీ లేదు. అదిమొదలు రిజిస్టరు ఇంటికే వచ్చుచుండెను. చూపినచోట సంతకము చేయుచుంటిమి. ఆడపిల్లల మరుగుదొడ్డిలో నీరు లేదనియు, పెద్దపిల్లలు ఆ నాలుగు దినములు బడి మానుచున్నారనియు ఒక తల్లి వీధి కుళాయివద్ద మాతో రెండు మారులు చెప్పినది. చెప్పెదమంటిమి. ఆ నెల రిజిస్టరులో వసతులన్నియు సవ్యముగా నున్నవని వ్రాసియున్నది. దాని క్రింద మా సంతకమున్నది. అందమైన సంతకము, మా తండ్రిగారు దిద్దించిన వ్రాత.

సభాపర్వము మేము కంఠస్థముగా ఎరుగుదుము. ద్రౌపది అడిగిన ప్రశ్నకు నిండుసభ బదులు చెప్పకున్నప్పుడు, సభలో కూర్చుండి తెలిసియు పలుకనివానికి పాపములో పాలున్నదని విదురుడు చెప్పిన ఘట్టమును ఎన్నిమారులో పదిమందికి అర్థము చెప్పితిమి. ఆ పిల్లకును మేమే చెప్పితిమి. ఫోనులో దానికి బదులు చెప్పుటకు మాకు మాట లేదు. కడపట, "మీ అమ్మ నిన్ను మానుకొమ్మనుచున్నది. ఆ మాట చెప్పుట నా వంతు, చెప్పితిని. నా మాటగా చెప్పలేను" అంటిమి. అత్తగారు రెండు దినములు మాతో మాటలాడలేదు. మేము దోషులమే, చేసిన మాట చేసినట్లు చెప్పితిమి గనుక ఊరకుంటిమి.

ఏప్రిల్ మూడవ వారమున ఓట్లు. అచ్చట పెట్టెలు, సిరా లేవు. మూడు దినములు ఎవరి కంప్యూటరులో వారు వేయవచ్చును. నలుగురు పోటీ. ఫలితము మాకు తెల్లవారుజామున తెలిసినది. మొదటి లెక్కలో మా పిల్ల మూడవది. నాల్గవవాని పేరు తొలగింపగా రెండవ స్థానమునకు వచ్చినది. మిగిలిన ముగ్గురిలో కడపటివాని ఓట్లు పంచగా సగమునకు మించి దీనికే వచ్చినవి. ఐనను చాలలేదు. 23 ఓట్లతో ఓడినది.

"మనవారందరు మొదటనే వేసియుందురు వదినా. ఆ తరువాత వచ్చినవన్నియు నేనెరుగనివారివి" అని చెప్పుచు ఏడ్చినది. ఓడినందుకో మరెందుకో మేమడుగలేదు. అత్తగారు ఫోను లాగుకొని, "ఎన్ని తక్కువ?" అని యడిగి, "ఇరువదిమూడిండ్లు విడిచితివన్నమాట" అనిరి. అటుపై వారును కన్నులు తుడుచుకొనిరి.

ఏప్రిల్ 25న ఆ దేశపు ప్రభుత్వమువారు, కోర్టులలో వ్యాజ్యములు పడిన పిదప, తొలగించిన విద్యార్థుల నమోదులు మరల చేర్తుమని చెప్పిరి. ఆనాడు మా యింట టీవీ కట్టి, చాల దినములకు అందరము కలిసి భోజనము చేసితిమి.

గెలిచినది చరిత్ర చదువు అమెరికా యువతి. ఆమె మా పిల్లను పిలిచి, స్టైపెండు సంగతి చూచు కమిటీలో కూర్చుండబెట్టినది. ఆగస్టులో చేరినవారికి మొదటి రెండు వారములలోనే కొంత సొమ్ము ముందుగా ఇచ్చి, తరువాతి నెలలలో తగ్గించుకొను ఏర్పాటు జరిగినది. అడిగినంత కాదు. ఇన్సూరెన్సు సంగతి అట్లే యున్నది. ఆ పసిబిడ్డ తల్లి కాగితము నేటికిని తన బల్లమీదనే యున్నదని మా పిల్ల చెప్పుచుండును.

ఇక మా సంగతి. వేసవి సెలవుల పిదప కమిటీ రిజిస్టరు మరల వచ్చినది. ఇంట సంతకము చేయమనియు, సమావేశమునకే వచ్చెదమనియు చెప్పి పంపితిమి. పోయితిమి. ప్రధానోపాధ్యాయులు మంచివారే. "ఇక్కడ చేయండమ్మా" అని వ్రేలు చూపిరి. చదివి చేసెదమంటిమి. కాళ్లు వణకినవి; బల్ల పట్టుకొంటిమి. చదివి, నీటి సంగతి ఇందులో లేదు, వ్రాయుడంటిమి. వెనుకనుండి ఆ తల్లి లేచి నిలుచున్నది. ఆమె వెనుక మరి ఇద్దరు. ప్రధానోపాధ్యాయులు కొంతసేపు మా వైపు చూచి, కలము మూత తీసిరి.

కుళాయి వచ్చినది. నీరు మాత్రము మధ్యాహ్నము పండ్రెండు గంటలవరకే వచ్చుచున్నది. తరువాతి సమావేశము శనివారము.